ఆదివారం సెలవు

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది కాబట్టి ఆమెను అందరూ కాలరమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. తొలిచూలు. పుట్టింటి నుంచి వచ్చి చూసుకునేవాళ్ళు లేరు, అత్తగారు పోయి చాలా కాలమైంది. ఉన్నదల్లా గోడలకు రంగులేసే మొగుడూ, పక్క మిషన్ మీద బట్ట అంచులకు ఓవర్‌లాక్ చేసే పెద్దావిడా. ఆవిడ ఎవరికీ ఏమీ కాదు గానీ అందరికీ అత్తే.

వారానికోసారి ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చేది. మేడమీద బట్ట తానులు పెట్టే గదిలో చాప పరిచి, కడుపుతో ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి, ఏం తినాలో, ఎలా పడుకోవాలో, ఏ నొప్పి వస్తే పరిగెత్తుకు రావాలో చెప్పేది. ఒక పూట కూలి వదులుకుని వీళ్ళు ఆస్పత్రికి ఎటూ వెళ్ళరు, అందుకని ఆస్పత్రే మెట్లెక్కి వచ్చింది. యజమాని ఒప్పుకున్నది దయ పుట్టి కాదు, ఆడవాళ్ళు కళ్ళు తిరిగి మిషన్ల మీద పడితే బట్ట పాడవుతుందని. ఎందుకైతేనేం, ఒప్పుకున్నాడు.

ఆ మంగళవారం పాఠం బిడ్డ కదలికల గురించి.

"మీ పిల్లలు ఎప్పుడెప్పుడు కదులుతున్నారో చెప్పండమ్మా" అంది నర్సమ్మ.

తిన్నాక అని ఒకామె, పడుకోగానే అని ఇంకొకామె. కాలరమ్మ వంతు వచ్చింది.

"మాది మహా పనిమంతురాలు నర్సమ్మా. మిషన్ ముందు కూర్చున్నంతసేపూ గిజగిజలాడుతూనే ఉంటుంది. మొన్న ఆదివారం మాత్రం ఉలుకూ పలుకూ లేదు. దానికీ సెలవేనట. ఇప్పట్నుంచే యూనియన్‌లో చేరిందంటాడు మా ఆయన."

గది గదంతా ఘొల్లుమంది. అసలే నిండుకడుపులు, నవ్వలేక పక్కలు పట్టుకున్నారు. నర్సమ్మా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది.

"ఆదివారం అసలు కదల్లేదా?"

"అంతకుముందు ఇంట్లో కూడా బాగా తన్నేది. మొన్నే..."

"నిన్న రాత్రి?"

"ఇంటికెళ్ళేసరికి ఒళ్ళు తెలీదు కదా నర్సమ్మా. పగలంతా కదిలిందిలే అని పడుకున్నాను."

నర్సమ్మ ఆమెను చాప మీద ఎడమవైపు తిరిగి పడుకోమంది. "ఇప్పుడు?"

"ఆ, కదుల్తోంది. సన్నగా."

నర్సమ్మ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఆ చెయ్యి తీసి నేల మీద ఆనించింది. కాలరమ్మ చెయ్యి కూడా పట్టుకుని అక్కడే పెట్టింది. కింద హాల్లో తిరుగుతున్న మిషన్ల అదురు గచ్చులోంచి అరచేతికి తగులుతోంది. మిషన్ బల్లకు పొట్ట ఆనించి కూర్చునే మనిషికి పొద్దస్తమానం తగిలేదీ ఇదే. ఈ రెండు రోజులూ కదిలింది బిడ్డో, బల్లో?

"కింద మిషన్లు ఆపించండి" అంది నర్సమ్మ.

కాలరమ్మకు తోడుగా పైకి వచ్చిన ఓవర్‌లాక్ అత్త మెట్లు దిగింది. సూపర్‌వైజర్‌కు ముక్కు మీదే కోపం. "ఆపడమా? ఆర్డర్ ఎవరు పూర్తి చేస్తారు, మీ బాబా?"

"మా బాబు పోయాడు గానీ, నువ్వు పక్కకి జరుగు" అని అత్త మెయిన్ స్విచ్ తనే లాగేసింది.

ఆ ఫ్యాక్టరీ అంత నిశ్శబ్దంగా ఉండగలదని కాలరమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఫ్యాను కూడా ఆగింది. కళ్ళు మూసుకుని కడుపులోకి ధ్యాస పెట్టింది. ఏమీ లేదు. ఇంకాసేపు చూసింది. ఏమీ లేదు.

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. "బిడ్డేదో బల్లేదో తెలుసుకోలేకపోయాను, నేనేం తల్లిని నర్సమ్మా" అని బావురుమంది.

"ఏడుపు తర్వాత. ముందు లే."

చొక్కాల మూటలు దించకుండానే ఫ్యాక్టరీ వ్యాన్ ఆమెను ఎక్కించుకుని బయల్దేరింది. తిట్టుకుంటూనే అయినా, గేటు తీసింది సూపర్‌వైజరే.

ఆస్పత్రిలో చూస్తే బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ నీరసంగా కొట్టుకుంటోంది. ఇంకో పూట ఆగితే దక్కదని డాక్టరమ్మ అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. నెలలు నిండకుండా వచ్చిన పిడికెడంత పిల్ల, ఏడవడానికి కూడా ఓపిక లేదు. కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచారు. కాలరమ్మ పక్కనే కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి, ఆ పాదం తన వేలిని తన్నేదాకా చూపు తిప్పేది కాదు. చూడ్డానికి వచ్చిన నర్సమ్మతో మళ్ళీ "బల్లను బిడ్డనుకున్నాను" అని మొదలుపెడితే, "నేనూ నవ్వాను కదమ్మా. ఇకనుంచి మిషన్లు ఆపాకే పాఠం" అంది నర్సమ్మ.

ఇంటికి తెచ్చాక మొదటి ఆదివారం. పిల్ల తెల్లవారకముందే రాగం అందుకుంది. పాలు తాగి ఏడ్చింది, బట్ట మార్పించుకుని ఏడ్చింది, ఎత్తుకుంటే తన్ని మరీ ఏడ్చింది. ఇరుగుపొరుగు తలుపు దగ్గరికొచ్చి తొంగి చూశారు. వారమంతా నిచ్చెన మీద నిలబడి అలిసిపోయిన మొగుడు ముసుగులోంచే, "ఒసేయ్, ఇవాళ ఆదివారం కదే, దీనికి సెలవు లేదా?" అని మూలిగాడు. ఏమన్నాడో అన్నాక గానీ తెలియలేదు. దుప్పటి తీసేసి లేచి కూర్చున్నాడు.

కాలరమ్మ పిల్లను భుజాన వేసుకుని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతోంది. "వద్దమ్మా, నీకు సెలవొద్దు" అంది. పిల్ల ఆమె గుండెల మీద ఇంకోసారి తన్నింది.