తాళం చేతికొచ్చాకే

ఆదివారం ఉదయం ఏడున్నరకు కొండ కింది శిబిరానికి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్క పరిస్థితి బాగా లేదు, తమ్ముణ్ణి పంపించండి అని నర్సు చెప్పింది. తమ్ముడు అప్పటికి కొండ ఎక్కుతున్నాడు. కబురు అతనికి మధ్యాహ్నం మూడింటికి అందింది. అక్క రెండూ పదికి పోయింది.

తమ్ముడు బస్సు డిపోలో కంట్రోలర్. రేడియో ముందు కూర్చుని, దారిలో ఉన్న డ్రైవర్లతో మాట్లాడటం అతని పని. ఏ రోడ్డు మూసేశారో, ఏ బండి చెడిపోయిందో, ఎవరి బదులు ఎవరు వెళ్లాలో అతను మైకులో చెబుతాడు. డిపోలో అందరూ మైకు బాబాయ్ అంటారు.

ఆ డిపోలో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. బండి దారిలో ఉండగా డ్రైవరుకు ఇంటి కబురు చెప్పరు. జబ్బయినా, చావయినా, బండి షెడ్డుకొచ్చి తాళం కంట్రోలర్ చేతికొచ్చాకే చెబుతారు. చాలా ఏళ్ల కిందట ఒక డ్రైవరుకు తండ్రి పోయాడని అప్పటి కంట్రోలర్ రేడియోలో చెప్పాడు. డ్రైవర్ సరే అన్నాడు. తర్వాతి మలుపులో బండి వంతెన గోడకు కొట్టుకుంది. డ్రైవరు, ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. ఆ రోజు ఆ కంట్రోలర్ పక్క కుర్చీలో ఉన్నది మైకు బాబాయ్. కంట్రోలర్ అయ్యాక నియమం పెట్టింది కూడా అతనే.

కబురు దాచాల్సి వచ్చినప్పుడల్లా అతను డ్రైవరుతో ఒకే మాట అనేవాడు. "తొందరేం లేదు, నెమ్మదిగా రా."

"ఆ మాట వింటే గుండె జారిపోయేది," అని నిదానం చెప్పాడు. నిదానం కూడా డ్రైవరే. అతని బస్సును సైకిళ్లు దాటిపోతాయని డిపోలో నవ్వుతారు. పేరు అలా వచ్చింది. "ఏదో అయిందని తెలిసిపోయేది. అయినా అడిగేవాళ్లం కాదు. అడిగినా చెప్పడు కదా."

అక్క కుట్టుపని చేసి తమ్ముణ్ణి చదివించింది. తల్లి పోయినప్పుడు అతనికి ఆరేళ్లు, ఆమెకు పదిహేడు. ఏప్రిల్ నుంచి ఆమె ఆస్పత్రిలో, ఇక వైద్యం లేదని తేలినవాళ్లను ఉంచే వార్డులో ఉంది. ఆ వార్డులో రోగికి మంచం ఉంటుంది, తోడు వచ్చినవాళ్లకు ఉండదు. వాళ్లు వరండాలో కుర్చీల్లో నిద్రపోతారు. మైకు బాబాయ్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వెళ్లేవాడు.

"ఏరా, మెడ అట్లా పెట్టావేం? కొంగలా ఉన్నావు," అంది అక్క ఒకరోజు.

"కుర్చీలో పడుకుంటే ఇట్లాగే ఉంటుంది మరి."

"నన్ను చూసుకోడానికొచ్చి నువ్వు మంచమెక్కేట్టున్నావు. వరండాలో వాళ్లందరికీ ఓ గది కట్టిస్తే వీళ్ల సొమ్మేం పోయింది?"

"డబ్బుల్లేవంట అక్కా."

"అయితే నువ్వు పట్టుకురా. మైకులో ఊరంతా వినపడేట్టు అరుస్తావుగా. అదే గొంతుతో అడుగు."

అతను డిపోలో అడిగాడు. నిదానం తల అడ్డంగా ఊపాడు. "ఊరికే చెయ్యి చాస్తే ఎవరిస్తారు బాబాయ్? ఏదన్నా చేసి చూపించాలి." డిపో ఆవరణలోంచి కొండ కనిపిస్తుంది. పదకొండు మంది ఎక్కుతామన్నారు. గదికి చందా అడుగుతూ బస్సుల్లో కాగితాలు అంటించారు. విడిభాగాల దుకాణం యజమాని ఒక షరతు పెట్టాడు. "మైకు బాబాయ్ శిఖరం మీద నిలబడి ఫోటో పంపితే గదికి కప్పు నేను వేయిస్తా. సగంలో కూలబడితే మాత్రం పైసా రాల్చను."

శనివారం సాయంత్రం అతను అక్క దగ్గర కూర్చున్నాడు. ఇంకో నెల వరకు భయం లేదని డాక్టర్ ఆ వారమే చెప్పి ఉన్నాడు.

"రెండు మెట్లెక్కితే ఆయాసపడతావు. నువ్వు కొండెక్కుతావా?"

"నువ్వు వద్దంటే మానేస్తా."

"ఎవరన్నారు వద్దని? వెళ్లిరా. నేనెక్కడికి పోతాను, కాళ్లుంటే కదా."

కొండ మీద ఫోన్లు పనిచేయవు. డిపో నుంచి రెండు చేతి రేడియోలు తెచ్చుకున్నారు. ఒకటి మైకు బాబాయ్ దగ్గర, ఒకటి శిబిరంలో సహాయ కంట్రోలర్ దగ్గర. ఆమె ఒకప్పుడు కండక్టరుగా చేసింది. మోకాలు అరిగిపోతే అతనే ఆమెను కంట్రోల్ గదిలోకి తీసుకుని పని నేర్పాడు. అతను ఆమెను తల్లీ అని పిలుస్తాడు. మోకాలి వల్లే ఆమె కొండెక్కలేదు.

నర్సు ఫోన్ చేసేసరికి జట్టు రాళ్లవాలు మీద ఉంది. అక్కడ కాలు వేస్తే రాళ్లు జారతాయి, ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని నడవాలి. అక్కడి నుంచి కిందికి గంటన్నర. కింద నుంచి ఆస్పత్రికి మరో గంటన్నర.

సహాయ కంట్రోలర్ ఫోన్ పెట్టేసి రేడియో తీసుకుంది. "బాబాయ్, ఎక్కడున్నారు?"

"రాళ్ల దగ్గర. నిదానం నా ముందున్నాడు. వీడి వెనక నడిస్తే వచ్చే ఏడాదికి చేరతాం."

వెనక నుంచి నవ్వులు వినిపించాయి.

"అక్క దగ్గర్నుంచి ఏమన్నా తెలిసిందా?" అన్నాడతను.

"ఏమీ లేదు బాబాయ్. మీరు నడవండి."

కప్పు డబ్బు పోతుందనే ఆమె దాచిందని తర్వాత డిపోలో ఒకరిద్దరు అన్నారు. ఆమె కాదంది. "ఆ రాళ్ల మీద చెబితే పరిగెత్తేవాడు. దారిలో ఉన్న మనిషికి చెప్పకూడదని నాకు నేర్పిందే ఆయన," అంది.

పన్నెండింటికి ముందే జట్టు పైకి చేరింది. నిదానం ఫోటో తీశాడు. అందులో మైకు బాబాయ్ వెంట తీసుకెళ్లిన బ్యానరు ఒక చివర పట్టుకుని ఉన్నాడు. మెడ పక్కకు వంగి ఉంది.

అతను రేడియో తీశాడు. "తల్లీ, ఎక్కేశాం. కప్పు పడ్డట్టే. అక్కకి ఫోన్ చేసి చెప్పు."

అతను రేడియో మీట మళ్లీ నొక్కాడు.

"తల్లీ?"

"వింటున్నా బాబాయ్. తొందరేం లేదు, నెమ్మదిగా దిగండి."

మిగిలినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. మైకు బాబాయ్ రాయి మీద కూర్చున్నాడు. ఆ మాట నిదానం కూడా విన్నాడు.

"అక్కేనా?" అని అడిగాడు మైకు బాబాయ్ రేడియోలో.

"దిగాక మాట్లాడుకుందాం."

"ఇలా ఇవ్వండి బాబాయ్, నేనడుగుతా," అని నిదానం చెయ్యి చాచాడు. మైకు బాబాయ్ రేడియో ఇవ్వలేదు.

"వద్దురా. ఆ పిల్లని అడగొద్దు."

దిగేటప్పుడు అతను పరిగెత్తలేదని, ఎక్కడా ఆగలేదని నిదానం చెప్పాడు. రాళ్లవాలు దగ్గర తాడు పట్టుకుని ఒక్కో అడుగే వేశాడు.

మూడింటికి శిబిరం చేరాడు. సహాయ కంట్రోలర్ బల్ల దగ్గర నిలబడి ఉంది. రెండో ఫోన్ వచ్చి అప్పటికి ముప్పావు గంట దాటింది. అతను చేతికర్ర ఆమె ముందుకు చాచాడు.

"ఇదిగో తాళం. ఇక చెప్పు."

ఆమె కర్ర తీసుకుంది. చెప్పింది.

"మొదటి ఫోన్ ఎప్పుడొచ్చింది?"

"ఏడున్నరకి."

"అంటే రాళ్ల దగ్గరున్నాం."

"అవును బాబాయ్."

అతను వ్యానెక్కి కూర్చున్నాడు. నిదానం నడిపాడు. ఆ రోజు అతని బండి అన్నిటినీ దాటుకుంటూ వెళ్లింది.

వార్డులో నర్సు జరిగినదంతా చెప్పింది. అక్క పది దాటాక కళ్లు తెరిచి తమ్ముడు వచ్చాడా అని అడిగింది. కొండ మీద ఉన్నాడు, కబురు పంపాం అని నర్సు చెప్పింది.

"దారిలో ఉన్నాడా? అయితే వాడికి చెప్పి ఉండరు," అంది అక్క.

ఆ మాట నర్సుకు అర్థం కాలేదు. అక్క మళ్లీ అడగలేదు. మంచం పక్కన వేసిన కుర్చీని అలాగే ఉంచమంది.

సహాయ కంట్రోలర్ వారం రోజులు డ్యూటీకి రాలేదు. మళ్లీ కండక్టరుగా పంపమని అర్జీ పెట్టుకుంది. మైకు బాబాయ్ ఆమె ఇంటికి వెళ్లాడు. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ మోకాలితో బస్సులో ఎట్లా నిలబడతావు?"

"మీ పక్కన ఎట్లా కూర్చోను బాబాయ్?"

"నీ చోట నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా చేస్తూనే ఉన్నా. ఎంతమందికి చేశానో ఇప్పుడు లెక్కేసుకుంటున్నా." వెనక్కి తిరుగుతూ, "రేపు పొద్దుటి డ్యూటీ నీదే. ఆలస్యం చేయకు," అన్నాడు.

ఆమె వచ్చింది.

విడిభాగాల దుకాణం యజమాని మాట నిలుపుకున్నాడు. వరండా చివర గది కట్టడం మొదలైంది.

కప్పు వేసిన వారంలో ఒక ఉదయం కంట్రోల్ గదికి ఫోన్ వచ్చింది. సహాయ కంట్రోలర్ ఎత్తింది. తొమ్మిదో రూటు డ్రైవరు తల్లి ఇంట్లో పడిపోయింది, ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆమె ఫోన్ పెట్టి మైకు బాబాయ్ వైపు చూసింది. బండి డిపోకు తిరిగి రావడానికి ఇంకా మూడు గంటలుంది.

అతను మైకు నొక్కాడు. "తొమ్మిదీ, ఎక్కడున్నావు?"

"మార్కెట్ దాటాను బాబాయ్."

"వచ్చే స్టాపులో పక్కకి తీసి ఆపు. ఇంజను కట్టెయ్."

కొద్దిసేపటికి జవాబు వచ్చింది. "ఆపాను. ఏమైంది?"

"తాళం తీసి కండక్టర్ చేతికివ్వు."

"బాబాయ్..."

"ఇవ్వరా."

"ఇచ్చాను."

"బండి దిగి కిటికీ పక్కన నిలబడు. నిలబడ్డావా? ఇప్పుడు విను."

ప్రయాణికుల్ని వెనక వచ్చిన బస్సులోకి ఎక్కించారు. డ్రైవర్ ఆటోలో వెళ్లి పదకొండు దాటాక ఆస్పత్రి చేరాడు. డ్రైవర్ తనకు ఫోన్ చేశాడని, అతను చేరేసరికి తల్లి మాట్లాడుతోందని కండక్టర్ రేడియోలో చెప్పాడు.