ఊకున్న

సంతకానికి సుమలత పెన్ను పట్టుకుంది. ప్రేమలత ఆ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్కసారి సదువు సమ్రీన్. నేను గూడ వింట."

నెల్లికుదురు పిల్ల సుమలత ఠాణా గడప తొక్కడానికి పదకొండు రోజులు పట్టింది. పత్తి మిల్లు సూపర్‌వైజర్ గోదాము తలుపు మూసి చేసిన పాపం చెప్పడానికి ఇంకో మూడు గంటలు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. బెదిరిన మనిషి ఏడ్చి తీరాలని ఎవరు రూలు పెట్టారో గానీ, మానుకోట మహిళా సహాయ కేంద్రంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ప్రేమలత ఇలాంటి నవ్వులు చాలా చూసింది.

కానిస్టేబుల్ సమ్రీన్ చెడ్డ పిల్లేం కాదు. ఓపిగ్గా విన్నది, మంచినీళ్లిచ్చింది. కాకపోతే కాగితం మీద పుస్తకాల తెలుగే ఉండాలని ఆమెకు నూరిపోశారు. సుమలత "ఊకున్న" అంటే, "అభ్యంతరం చెప్పకుండా ఊరుకున్నాను" అని రాసింది. రేపు కోర్టులో వాడి వకీలుకు ఆ ఒక్క ముక్క చాలు.

మార్చమంటే సమ్రీన్ నసిగింది. ఒర్రలేదని, కేక పెట్టలేదని పిల్లే చెప్పింది, మౌనం అర్ధాంగీకారమంటారు కదా అంది. ఆ సామెత పుట్టించిన మహానుభావుణ్ణి ఒక పూట ఆ గోదాములో ఉంచాలనిపించింది ప్రేమలతకు. అయినా కోపం దిగమింగింది. తనూ తప్పు చేసిన మనిషే. కొలువులో చేరిన కొత్తలో తరిగొప్పుల నుంచి వచ్చిన పిల్లను, మరెందుకు ఒర్రలేదని అడిగింది. ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

"పాము కాళ్ల మీదికొస్తె మనిషి కొయ్యబారుతడు. పాముకు ఒప్పుకున్నడని రాస్తవా?"

సమ్రీన్ ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. సుమలతకు మాత్రం ఇల్లు చేరితే చాలనుంది. ఏదో ఒకటి ఉండనియ్యక్కా అంది. ప్రేమలత ఉండనివ్వలేదు. ఆ రోజు నీ ఒంటికి ఏమైందో అదే చెప్పు, ఎంతసేపైనా కూర్చుంటానంది.

"నేను ఊకోలేదక్కా," అంది సుమలత చివరికి. "ఒర్రుదామనే అనుకున్న. గొంతు రాలే. కాళ్లు చేతులు నాయి గావనిపించింది."

సమ్రీన్ కొత్త కాగితం తీసింది. ఈసారి ఒక్క మాటా దిద్దలేదు. గొంతు రాలే, అని రాసింది.

సుమలత సంతకం చేయబోయి ఆగింది. కాగితం తనవైపు లాక్కొని, మొదటి నుంచి తనే బయటికి చదివింది. చదువుతున్నకొద్దీ గొంతు పెరిగింది. ఊకో అని ఎవరూ అనలేదు.