వ్యాగన్లలో సముద్రం

రేవులో ఆఖరి రాగి దించి తిరిగొచ్చిన గూడ్సు బండిలో ఈ ఉదయం సముద్రం ఉంది. వ్యాగన్ల అంచుల మీద నురగ, మూలల్లో కొంచెం ఇసుక.

జాంబియాలోని ఈ రాగి సీమకు ఏ దిక్కునా తీరం లేదు. ఎర్రమట్టి, మనిషెత్తు చెదపుట్టలు, మెట్లు మెట్లుగా దిగిపోయిన గని. గనిలో రాగి అయిపోయింది. నేను కనిగిరి నుంచి బోరు బండితో వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

స్టేషనులో జెండా ఊపే ముసలాయన బ్వాల్యా. బతుకంతా సముద్రానికి రాగి పంపాడు గానీ దాన్ని చూడలేదు. ఇప్పుడు చెప్పులు విడిచి వ్యాగను పక్కన నిలబడ్డాడు.

"ఒరే బోరోడా, ఇంకా పెద్దదనుకున్నానే!"

"మడతపెట్టి తెచ్చారు మదాలా," అంటాను. ఇక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తాం. "విప్పితే సరిపోతుంది."

గార్డు దిగి వస్తాడు. "దించుకోండి. కానీ బండి ఖాళీగా పోదు. ఇంజను చల్లారేలోగా సరుకెక్కించకపోతే దీన్నే వెనక్కి తీసుకుపోతా."

బ్వాల్యా మొహం వాడిపోతుంది. "సరుకెక్కడిది బాబూ? గుంట ఒక్కటే మిగిలింది."

"గుంట సరుకు కాదా?" అంటాను. నేను ఇన్నాళ్ళూ అమ్మింది గుంటలే.

"లోతెంత?" అని గార్డు అడుగుతాడు.

"దిగి చూసుకో," అంటుంది బూరెలమ్మే చిలేషె. "పైకి రావడానికి సద్ది కట్టిస్తాలే."

గార్డు దిగడు, ఒప్పుకుంటాడు. సముద్రాన్ని ప్లాట్‌ఫారం మీదికి దించి, గనికి గొలుసు తగిలించి బోరు బండితో లాగుతాను. బోరు పైపు వచ్చినట్టే గుంట ఒక్కో మెట్టుగా ఊడి వస్తుంది. బరువు లేదు, గాలికి ఎగిరిపోతుందనే భయం. ఊరంతా వచ్చి అంచులు పట్టుకుంటుంది. చిలేషె పాట ఎత్తుకుంటుంది. ఎవరి కాలు ఎవరు తొక్కినా నవ్వే.

"వదలకండ్రా, నా సముద్రం పోద్ది!" అని బ్వాల్యా అరుస్తాడు.

ఆఖరి మెట్టునూ వ్యాగన్లోకి ఎక్కించి టార్పాలిన్ కట్టేసరికి ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది. బండి కదులుతుంది.

గని ఉన్నచోట నేల చదునైంది. సముద్రాన్ని అక్కడ విప్పుతాం. నిండడానికి పల్లం లేదు కాబట్టి అది పైకి లేస్తుంది, ఊరంత ఎత్తున నిలబడి చుట్టూ చూస్తుంది. తర్వాత మెల్లగా వంగి, బ్వాల్యా ఒళ్ళో తల పెట్టి నిద్రపోతుంది.

"ప్రయాణం బడలిక," అంటాడాయన, అలలు నిమురుతూ. "గట్టిగా మాట్లాడకండి."

సముద్రం నిద్ర చెడకుండా చేపలు ఒక్కొక్కటే దిగి, బిందెలు పట్టుకుని వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడుతున్నాయి. చివరి చేప నా చేతిలో బిందె చూసి, కొంచెం జరిగి నాకు చోటిస్తుంది.