ఆరు వోల్టుల అక్క

పొద్దున్నే బళ్ళ కరెంటు పనుల షాపు షట్టర్ ఎత్తగానే తమ్ముడు చేసే మొదటి పని, పాత బల్బులన్నీ పళ్ళెంలో పోసి తెచ్చి అక్క ముందు పెట్టడం. అక్క ఇనప బల్ల దగ్గర, ఏ కారులోంచో పీకిన సీటు మీద కూర్చుని ఉండేది. చెప్పులు విప్పి కుడికాలు బల్ల కింది ఇనప కమ్మీ మీద పెట్టేది. ఒక్కో బల్బూ తీసి బల్లకి ఆనించి, దాని అడుగున చూపుడువేలు పెట్టేది. మంచిదైతే వెలిగేది, మాడిపోయినదైతే వెలిగేది కాదు. వెలిగినవి డబ్బాలోకి, వెలగనివి బుట్టలోకి, మధ్యమధ్యలో వీధిలో పోయేవాళ్ళ మీద ఓ చెణుకు.

దీన్నెవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. వింతేముంది? ఎదురు కొట్టు టైలరుకి తుమ్ములు మొదలైతే పూటంతా ఆగవు. మూలింటి పంతులమ్మ నిద్రలో ఎక్కాలు చదువుతుంది. అక్కకి ఒంట్లో కరెంటుంది. ఎవరి ఒళ్ళు వాళ్ళది.

ఆరు వోల్టులు. ఆరు వోల్టుల బల్బు నిండుగా వెలిగేది, పన్నెండుది మూలుగుతూ వెలిగేది, అలా తేలిన లెక్క అది. మీటరు పెట్టి చూసింది లేదు. చిన్నప్పుడు తమ్ముడు ఒకసారి మీటరు పట్టుకుని దగ్గరికి వెళ్తే వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగించింది. "మనిషికి మీటరు పెడతావుట్రా? అదేమన్నా లారీయా?" అంది. ఆ దెబ్బ గుర్తుండి, అమ్మ పోయాక కూడా మళ్ళీ పెట్టలేదు.

అన్నట్టు, తమ్ముడంటే చిన్నవాడనుకునేరు. నెత్తి ముగ్గుబుట్టయింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అక్క పిలిచే పిలుపే వీధికంతా అలవాటైపోయి, మనవడి వయసువాడు కూడా "తమ్ముడూ, హారన్ మోగట్లేదు" అంటూ బండి తెస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్కా చేసుకోలేదు. ముందు షాపు, వెనక గది, ఇద్దరే మనుషులు.

ఇద్దరున్నారన్న మాటేగానీ మాటలెక్కడ? తమ్ముడి తల ఎప్పుడూ ఏదో ఒక బానెట్ కిందే. "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది" అని అక్క అంటే "ఆఁ, వస్తున్నా" అనేవాడు. ఆ వచ్చేసరికి ఏ అర్ధరాత్రో అయ్యేది. అక్క తినేసి, వాడి కంచం మీద మూత పెట్టి పడుకునేది. చెడ్డవాడు కాదు పాపం. పని కనబడితే మనిషి కనబడని రకం.

ఒక్క ఆదివారం మాత్రం వేరు. ఆదివారం అక్కకి ఛార్జింగ్.

అమ్మ పోయిన ఏడాది అక్క నీరసంగా ఉందని, తమ్ముడు తన చేతులతో ఒక చిన్న ఛార్జర్ తయారుచేశాడు. ఎర్ర క్లిప్పు అక్క మణికట్టుకి, నల్లది కాలి మడమకి. ఏ బండికైనా నల్లది, అంటే మైనస్సే కదా బండి ఒంటికి వెళ్ళేది, అదే పద్ధతి. కరుచుకోకుండా క్లిప్పుల పళ్ళకి గుడ్డ చుట్టాడు. గుడ్డ చుట్టాడు గనక అవి జారిపోతాయి, జారిపోతాయి గనక పక్కనే కూర్చుని పట్టుకోవాలి. అలా ఓ గంటసేపు అక్క చెయ్యీ కాలూ పట్టుకుని, వారం రోజుల కబుర్లూ చెప్పేవాడు. అక్క నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేది. "ఎలా ఉందక్కా?" అంటే "బాగుందిరా" అనేది.

బాగుంది బాగుంది అంటూనే, ఈమధ్య అక్క చేతిలో బల్బు బాగా వెలగడం మానేసింది. ముందు పసుపుగా, తరవాత ఎర్రగా, ఇప్పుడైతే ఎండుమిరప గింజంత. ఆమె వేళ్ళు చల్లగా ఉంటున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగుంటే ఈ బల్బు సంగతేమిటని తమ్ముడు అడగలేకపోయాడు. ఆ మిరపగింజ ఆరిన రోజు అక్క ఉండదని అతనికి తెలుసు. బ్యాటరీలతో బతికినవాడికి ఆ మాత్రం తెలియదా?

"బుధవారం కూడా పెడదామా అక్కా?" అన్నాడు.

"పెట్టరా" అంది అక్క, వెంటనే.

ఆ రోజుల్లోనే పళ్ళ డాక్టరు తన పాత కారుని తాడు కట్టి లాగించుకుని వచ్చాడు. రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది చేత నోరు తెరిపించినవాడు కావడంతో, ఎవరు ఎదురుపడినా ముందు దవడ వంక చూస్తాడు. కారు వాళ్ళ నాన్నది. గుండ్రటి హెడ్‌లైట్లు, పక్కన నిలబడి ఎక్కే పొడుగాటి మెట్టు. ఇంజన్ తన నిప్పురవ్వ తనే పుట్టించుకునే రకం, హ్యాండిల్ తిప్పితే బ్యాటరీ లేకపోయినా లేస్తుంది. లైట్లూ హారనూ మాత్రం డైనమో మీద ఆధారం. అవే చచ్చి కూర్చున్నాయి.

"దీని నరాలన్నీ పీకేసి కొత్తవి వెయ్యవయ్యా" అన్నాడు డాక్టరు. "పన్నెండు వోల్టులకి మార్చెయ్. ఆరు వోల్టుల లైట్లంటే కొవ్వొత్తి పట్టుకుని పరిగెత్తినట్టుంటుంది."

"మార్చేద్దాం డాక్టరుగారూ" అన్నాడు తమ్ముడు.

అక్క సీటులోంచి లేచి వచ్చింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. బూజు పట్టిన హెడ్‌లైటులో మిరపగింజంత ఎరుపు కదిలింది.

"ఆరుది ఆరుగానే ఉండనివ్వచ్చుగా" అంది. "ఇప్పుడు ఊళ్ళో అన్నీ పన్నెండే. మిగిలింది నేనూ ఇదీనే."

తమ్ముడు కొత్త సామాను కొనడానికి వెళ్ళడం వాయిదా వేశాడు. ముందు పాత వైర్లు విప్పాడు. గుడ్డ చుట్టిన వైర్లు, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. లోపల రాగి పచ్చగా చిలుం పట్టింది. రోజుకో వరస చొప్పున, ఏ రంగు ఎక్కడికి పోతుందో చూసుకుంటూ, దాని పక్కనే కొత్త వైరు లాగాడు. అలా వెళ్తూ వెళ్తూ బ్యాటరీ పెట్టే అర దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ప్లస్సు వైరు పోయి కారు ఒంటికి బిగించి ఉంది.

"ఏ తలమాసినవాడు కట్టాడో! మైనస్సు కదా ఒంటికి!" అన్నాడు.

ఒక పాత మోటార్‌సైకిల్లోని ఆరు వోల్టుల బ్యాటరీ తెచ్చి, తనకి తెలిసిన పద్ధతిలో మైనస్సు ఒంటికి కలిపాడు. స్విచ్చి వేస్తే లైట్లు వెలిగాయి. కానీ డ్యాష్ మీది మీటరులో ముల్లు తిరగవలసిన పక్కకి కాకుండా రెండోపక్కకి తిరిగింది. లైట్లు వెలుగుతుంటే బ్యాటరీ ఖర్చవ్వాలి. ఇక్కడేమో నిండుతోందని చెబుతోంది! వైర్లన్నీ మళ్ళీ చూసుకున్నాడు. తప్పేం లేదు.

"తప్పుకో, నేను పట్టుకుంటా" అంది అక్క. షాపులో ఏది సరిచూడాలన్నా ఆఖరికి అక్కే పట్టుకునేది. చెప్పులు విప్పి కాలు కారు మెట్టు మీద పెట్టి, బ్యాటరీ విప్పేసిన వైరు కొసకి వేలు ఆనించింది. లైట్లు మినుకుమన్నాయి. ముల్లు సన్నగా వణికి, ఇటు తిరిగింది. తిరగవలసిన పక్కకే.

తమ్ముడికి మతి పోయింది. అదే వైరు, అదే మీటరు. బ్యాటరీకి ఒక మాట, అక్కకి ఒక మాటా?

అప్పుడే ఎలా ఉందో చూసిపోదామని డాక్టరు వచ్చాడు. సంగతి విని, "దానికంత ఆలోచనెందుకయ్యా?" అన్నాడు. "పాత బళ్ళలో చాలావాటికి ప్లస్సే ఒంటికి. మా నాన్న చెబుతుండేవాడు. నువ్వు బ్యాటరీని తలకిందులు చేసి కలిపావు. అక్కయ్యకి ఎలాగూ ప్లస్సు ఒంట్లోనే ఉన్నట్టుంది, అందుకే సరిగ్గా చూపించింది." ఆ మాటని వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అనేసి, తమ్ముడి దవడ ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు.

తమ్ముడు అక్కడే నిలబడిపోయాడు. అక్కకి ప్లస్సు ఒంట్లో ఉంది. కారు ఒంటికి ఆనించిన కాలి దగ్గర. ఇన్నేళ్ళూ ఆ కాలికే నల్ల క్లిప్పు పెట్టాడు. తలకిందులుగా కలిపితే బ్యాటరీ నిండదు, ఉన్నది కూడా ఖాళీ అవుతుంది. ఇది ఆ పనిలో చేరిన మొదటి వారంలో ఎవడైనా నేర్చుకునేది. ప్రతి ఆదివారం, చాలదన్నట్టు బుధవారం కూడా, పక్కన కూర్చుని, కబుర్లు చెబుతూ, గుడ్డ చుట్టిన క్లిప్పులతో మెత్తగా అక్కని తోడేశాడు. బల్బుకి ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు, ఎటు పెట్టినా వెలుగుతుంది. అందుకే ఎన్నడూ తెలియలేదు. ఊరి బళ్ళన్నింటికీ వెలుగు పెట్టినవాడి ఇంట్లో, దీపం కింద చీకటి.

ఆ ఆదివారం ఛార్జర్ తెచ్చి పెట్టాడు. ఏమీ చెప్పకుండా నల్ల క్లిప్పు మణికట్టుకి, ఎర్రది మడమకి పెట్టాడు. అతని ముఖం అక్క చూసింది. క్లిప్పుల వంక చూసింది.

"తెలిసిపోయిందా?" అంది.

"నీకు తెలుసా అక్కా?"

"తెలియకేం? ఒళ్ళు నాది కాదూ? మొదటి రోజే తెలిసింది. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి."

"మరి చెప్పవే? బాగుంది బాగుంది అన్నావుగా!"

"బాగుండేదిరా." అక్క ఆ చల్లటి వేళ్ళతో అతని జుట్టు సవరించింది. "నువ్వొచ్చి కూర్చునేది ఆ గంటేగా. తప్పు పెట్టావని చెబితే సరిచేసేవాడివి. సరిచేస్తే నాకు బాగయ్యేది. బాగయ్యాక ఇంకెందుకు కూర్చుంటావు? మళ్ళీ ఆ బానెట్ కిందికే పోయేవాడివి."

తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. క్లిప్పులు జారిపోతున్నా వదలకుండా పట్టుకుని ఏడ్చాడు. అక్క పమిట చెంగుతో అతని ముక్కు తుడిచి, "చాల్లే, టైలరు చూస్తున్నాడు, తుమ్మడం కూడా మానేశాడు" అంది.

సరైన కరెంటు ఎక్కేసరికి అక్క బుగ్గల్లోకి రంగొచ్చింది. వేళ్ళు వెచ్చబడ్డాయి. బల్బు పట్టుకుంటే పసుపుగా వెలిగింది. తమ్ముడి ప్రాణం లేచొచ్చింది. కానీ క్లిప్పులు తీసి, టీ కాచి తెచ్చేలోగా వేళ్ళు మళ్ళీ మంచు. మర్నాడు పెట్టాడు, ఆ మర్నాడూ పెట్టాడు. షాపు మూసి, వచ్చిన బళ్ళని తిప్పి పంపించి, రోజంతా పక్కనే కూర్చున్నాడు. నింపినప్పుడు నిండేది, తీస్తే నిలిచేది కాదు. లోపల ప్లేట్లు అరిగిపోయిన బ్యాటరీకి ఎంత నింపినా అంతే. ఆ మాట రోజూ ఎవరో ఒకరికి చెప్పే పని అతనిది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"నన్నొదిలేసి ఆ కారు సంగతి చూడరా" అంది అక్క. "ఆయన పెద్దాయన, ఎన్నాళ్ళు తిప్పుతావు?"

కారుకి మిగిలింది డైనమో ఒక్కటే. తీగ కొత్తగా చుట్టించి బిగించాడు. ఇంజన్ తిరుగుతోంది, డైనమో తిరుగుతోంది, కరెంటు మాత్రం రావట్లేదు. చాలాకాలం కదలకుండా కూర్చున్న డైనమోలో ఇనుము తన అయస్కాంతం సంగతే మరిచిపోతుంది. బ్యాటరీ వైరుతో ఒక్క క్షణం ముట్టించి గుర్తు చేయాలి.

తమ్ముడు మోటార్‌సైకిల్ బ్యాటరీ తెచ్చాడు. ఈసారి ప్లస్సు ఒంటికే.

"అది తీసెయ్" అంది అక్క. "నేను ముట్టిస్తా."

"వద్దక్కా. ఉన్న కాస్తా పోతుంది."

"ఎలాగూ పోతోంది కదరా, ఊరికే కారిపోతోంది. దీన్నైనా ఒకదానికి పెట్టనీ. నువ్వు హ్యాండిల్ తిప్పు."

అతను కదల్లేదు. కాదంటే ఆ కాస్తా పడక మీద పోతుంది, అవునంటే ఇక్కడ పోతుంది. పోకుండా ఉండే దారి అతని దగ్గర లేదు.

"తిప్పరా, నిలబడి కాళ్ళు తీపులు పెడుతున్నాయి" అంది అక్క.

తిప్పాడు. ఇంజన్ లేచింది. అక్క చెప్పులు విప్పి మెట్టు మీద కూర్చుని, పాదం కారు ఒంటికి ఆనించి, డైనమో వైరు కొస వేలితో తాకింది. చిటుక్కుమని నీలం రవ్వ లేచింది. హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారి, నిండుగా, ముదురు పసుపులో వెలిగాయి. హారన్ ఎవరూ నొక్కకుండానే చిన్నగా మోగింది. తమ్ముడు ఇంజన్ ఆపి, "చూశావా అక్కా!" అంటూ ఇటు తిరిగాడు. ఆమె తలుపుకి తల ఆనించి, కళ్ళు తెరిచే ఉంది. ఇంజన్ ఆగినా లైట్లు మాత్రం ఆరలేదు, మిరపగింజంత ఎర్రగా నిలిచాయి.

అక్క దినవారాలయ్యాక డాక్టరు వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆ ఎరుపు చూశాడు. "ఆరే ఉండనియ్యి" అన్నాడు. "చీకటి పడ్డాక నేను నడపనులే. ప్రతి ఆదివారం తెచ్చి ఇక్కడ కాసేపు పెడతాను."

మాట తప్పలేదు. ఆదివారం కారు తెచ్చి షాపు ముందు ఆపి, ఆయన టైలరుతో కబుర్లలో పడతాడు. తమ్ముడు షట్టర్ సగం దించి, వచ్చి ముందుసీటులో కూర్చుంటాడు. వారం రోజుల కబుర్లూ చెబుతాడు. హెడ్‌లైట్లలో ఎరుపు వింటుంది. వారం వారం అది కాస్త తగ్గుతోంది. అతను బ్యాటరీలతో బతికినవాడు, ఎటు పోతోందో అతనికి తెలుసు.

మొన్న డాక్టరు కిటికీలోంచి తొంగి చూసి, "తగ్గుతున్నట్టుందయ్యా. ఛార్జింగ్ ఏమన్నా పెట్టి చూడకూడదూ?" అన్నాడు.

"నిలవదండీ" అన్నాడు తమ్ముడు. "ఊరికే కూర్చుంటాను."

అతని చేతుల్లో క్లిప్పులు లేవు. ఏం చెయ్యాలో తెలియని ఆ ఖాళీ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, గంట దాటినా లేవకుండా, అక్క పక్కనే కూర్చున్నాడు.