ఎడమ చెయ్యి

1973లో వరంగల్‌లో నాలుగో తరగతి పంతులుగా ఉన్నప్పుడు నేనొక తెలివైన పని చేశాను. దాన్ని పదేళ్ల పైన గొప్పగా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఇన్‌స్పెక్షన్‌కు వారం ముందు పిల్లలకు చెప్పాను. "నేనేదడిగినా అందరు చేతులు లేపుండ్రి. వచ్చినోళ్లు కుడి చెయ్యి, రానోళ్లు ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యోళ్లను అస్సలే అడగ."

సరిగ్గా లేపినవాళ్లకు తలా ఒక పల్లీపట్టి. మూడు రోజుల్లో క్లాసంతా దారికొచ్చింది. హమాలీ కట్టయ్య బిడ్డ పూలమ్మ అందరికన్నా ముందు నేర్చుకుంది. ఆమెది ఎప్పుడూ ఎడమ చెయ్యే. పల్లీపట్టి మాత్రం రోజూ దొరికేది.

ఇన్‌స్పెక్టర్ వచ్చిననాడు నేను ఏ ప్రశ్న వేసినా క్లాసంతా చేతులే. ఆయన నా భుజం తట్టి మరీ పోయాడు. ఆ రిపోర్టు పుణ్యమా అని పై చదువుకు సెలవు దొరికింది. తర్వాత బి.ఎడ్. కాలేజీలో సైకాలజీ లెక్చరర్‌నయ్యాను. బహుమానం ఇస్తే ఏ అలవాటైనా నిలుస్తుందని పాఠం చెబుతూ ఏటా ఈ కథే చెప్పేవాణ్ణి. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఎడమ చేతులవాళ్లకు తర్వాతైనా చదువు చెప్పారా అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

1985లో నా విద్యార్థులను వెంటబెట్టుకుని మరిపెడలో ఆడవాళ్ల వయోజన విద్యా కేంద్రానికి వెళ్లాను. బోర్డు మీద 'పలక' అని రాసి, "ఇదెవరు చదువుతరమ్మా?" అన్నాను.

నాలుగైదు కుడి చేతులు లేచాయి. వెనక కూర్చున్న ఒకామె మాత్రం ఎడమ చంకలోని బిడ్డను కుడి పక్కకు మార్చుకుని మరీ ఎడమ చెయ్యి లేపింది.

"నువ్వు... కట్టయ్య బిడ్డవా?"

"అవ్ సార్, పూలమ్మను. మర్శిపోయిన్రేమో అనుకున్న." ఆమె ముఖమంతా సంతోషం.

"ఇంకా చదువు రాదా?"

"నాకు రాదని మీకెర్కే గద సార్."

నా విద్యార్థులు ఆమె చేతికేసి చూశారు. నా క్లాసులో విన్న కథే అది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చాక్‌పీసు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఇయ్యాల నిన్నే అడుగుత పూలమ్మా."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. చెయ్యి ఇంకా పైకెత్తింది.

"నేను లేపింది ఎడమ చెయ్యే సార్," అంది భయంగా.