అమ్మవారి చీర అంచుకు కాపలా కాశాను

నేను ఒక తాళాన్ని. అలాగని తలుపుకో బీరువాకో వేసే ఇత్తడి తాళాన్ని ఊహించుకోకండి. అగ్గిపెట్టె కంటే చిన్న బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కని. ఒకవైపు సూదుల్లాంటి కాళ్లు, ఇంకోవైపు చిన్న చిన్న రంధ్రాలు. కంప్యూటరు వీపున, ప్రింటరు తీగ తగిలించే వెడల్పాటి చోట నన్ను గుచ్చుతారు. నేనక్కడ ఉంటేనే పట్టుచీరల డిజైన్లు గీసే ఒక సాఫ్ట్‌వేరు కళ్లు తెరుస్తుంది. లేకపోతే తెరవదు. అంతే నా ఉద్యోగం. నా మానాన నేను పడి ఉంటే, నన్ను పట్టుకుని మనుషులు చేసిన యాగీ అంతా ఇంతా కాదు.

నన్ను కన్నది బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. ఒకరు కొని పదిమంది వాడేసుకుంటారని వాళ్ల భయం. మనిషిని మనిషి నమ్మనిచోట నాలాంటివాళ్లు పుడుతుంటారు. మొదట నన్ను కొన్నది ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న రంగనాథశెట్టి. కొన్నాడు గానీ వాడితే అరిగిపోతానని బీరువాలో కర్పూరం డబ్బా పక్కన పెట్టి తాళం వేశాడు. తాళానికి తాళం వేసిన మహానుభావుణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. చివరికి విసుగొచ్చి కంప్యూటరుతో సహా నన్ను చౌడప్పకు అమ్మేశాడు.

చౌడప్పది నేతగాళ్ల ఇల్లు. మగ్గం మాని డిజైన్ల అంగడి పెట్టాడు. ఇంటి ముందుగదికి ‘చౌడప్ప డిజైన్స్’ అని బోర్డు కట్టాడు. మాటకారి. బేరం తెచ్చేవాడు, టీలు తెప్పించేవాడు, మగ్గాల వాళ్లతో తగువులు తీర్చేవాడు. అన్నీ వచ్చు, ఒక్క గీయడం తప్ప. మౌస్ పట్టుకుంటే అది ఆయన చేతిలో ఎలుక పిల్లలాగే పరుగులు తీసేది. గీసేది ఆయన భార్య సంజమ్మ. పెళ్లికి ముందే పుట్టింట్లో గళ్ల కాగితం మీద నాన్నకు డిజైన్లు గీసిచ్చిన మనిషి. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక బుటా, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఒక కొంగు. ఆమె తెర మీద గీసినదాన్ని బట్టి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టల్ని మగ్గం మీద కడితే ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెప్తాయి. ఊళ్లో మాత్రం అందరూ చౌడప్ప డిజైన్లు అనేవారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ మాటకు అర్థం నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. వీపున ఉండేదాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆమె గీసినవాటిలో ఒక్కటి అన్నిటికంటే పెద్దది. ఏటా జ్యోతుల పండుగకు వాళ్ల కులం వాళ్లు చౌడేశ్వరి అమ్మవారికి చీర నేయించి కట్టబెడతారు. రంగు ఏటా మారుతుంది, అంచు మారదు. హంసల వరుస, ఒక్కో హంస ముక్కున ఒక జ్యోతి. అమ్మవారి అంచు ఇంకే చీర మీదికీ పోకూడదని, నేత అయిపోగానే ఆ అట్టల్ని జ్యోతి మంటలో వేసేస్తారు. కాబట్టి ఏటా మళ్లీ కొత్తగా అట్టలు కొట్టాల్సిందే. అంచు మిగిలి ఉండేది మా కంప్యూటరులోనే. చీర కట్టిన సాయంత్రం గుడి మైకులో నేసినవాడి పేరు, గీసినవాడి పేరు చదువుతారు. ‘గీసినవారు చౌడప్ప గారు’ అనేవారు. ఆయన శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేవాడు. సంజమ్మ ఆ శాలువా మడతపెట్టి పెట్టెలో పెట్టేది.

ఈ ఏడు పండుగ నెల రోజులుందనగా కంప్యూటరు ‘టప్’మని పేలి పొగ వదిలింది. హార్డ్‌డిస్క్ బతికింది. మస్తాన్ అని, చౌడప్పకు బాగా కావలసిన మెకానిక్, దాన్ని ఊడదీసి “డిజైన్లన్నీ భద్రంగా ఉండాయి వదినా” అన్నాడు. కొత్త కంప్యూటరు తెచ్చారు. మంచి ముహూర్తం చూసి నిమ్మకాయ దిష్టి తీశారు. ఆ తర్వాత నన్ను గుచ్చడానికి దాన్ని తిప్పి చూస్తే, వీపున నాకు చోటే లేదు. అన్నీ సన్నటి సందులు. నా కాళ్లు పట్టేది ఒక్కటీ లేదు.

“ఇప్పుడు ఇట్లాంటియి రావన్నా” అన్నాడు మస్తాన్.

“రాకపోతే ఎట్లప్పా? డిజైన్లు ఉండాయి అంటివే.”

“ఉండాయి. తెరుచుకోవు.”

కంపెనీకి ఫోన్ చేశారు. ఆ నంబరు ఇప్పుడెవరో షామియానాలు అద్దెకిచ్చే ఆయనదట. చౌడప్ప వదలలేదు. సాఫ్ట్‌వేరు గురించి ఆయన్నే పావుగంట అడిగాడు. ఆయన ఓపికగా విని, పందిరి ఎన్ని గుంజలది కావాలన్నాడు. నన్ను కన్నవాళ్లు అంగడి మూసేసి ఏళ్లయిందని ఆ తర్వాత తెలిసింది. తల్లీ తండ్రీ లేనిదాన్ని తిట్టడం సులువు కదా, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తిట్లన్నీ నాకే. ‘దరిద్రపు ముక్క’ అన్నాడు చౌడప్ప. అంతకుముందు దసరాకు నాకు దండం పెట్టి ‘ప్రాణం నువ్వే’ అన్న నోటితోనే అన్నాడు.

సంజమ్మ తిట్టలేదు. నన్ను అరచేతిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. “నేను గీసిందంతా ఆ డిస్కులోనే ఉంది. ఇంగ యాడా లేదు” అంది. పెళ్లినాటి నుంచి ఆమె చేసిన పని మొత్తం ఒక డబ్బాలో ఇరుక్కుపోయింది. ఆ డబ్బాకు తాళం నేను. నా మీద నాకే కోపం వచ్చింది.

నాలుగో నాడు గుడి పెద్ద కదిరెప్ప వచ్చాడు. మగ్గం ఖాళీగా ఉంది, ఈ వారంలో అట్టలు రాకపోతే చీర అందదు. ఆయన చంకలో పోయినేటి అమ్మవారి చీర ఉంది.

“పోతే పోనీలే చౌడప్పా. ఇదో, చీర ముందర పెట్టుకో. కొత్త దాంట్లో మళ్లా గీయి. నువ్వు గీసిందే కదా.”

చౌడప్ప నా వైపు చూశాడు. నేనేం చేయను? చీర పరిచి, కొత్త కంప్యూటరులో మామూలు బొమ్మలు గీసుకునేది తెరిచి కూర్చున్నాడు. ఒక హంసను మొదలుపెట్టాడు. మెడ వంచబోతే మెలిక పడింది. చెరిపాడు. మళ్లీ గీశాడు. ఈసారి హంస వంకాయలా వచ్చింది, ముచ్చికతో సహా. కదిరెప్ప కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

“ఇదేం పక్షి?”

చౌడప్ప చెమట తుడుచుకున్నాడు. చాలాసేపు మౌస్‌ను అటూ ఇటూ జరిపి, “నాకు రాదు పెద్దాయనా” అన్నాడు.

“నువ్వు గీసిందే నీకు రాకపోవడమేంది?”

వంటింటి గడప మీద సంజమ్మ చెయ్యి తుడుచుకుంటూ నిలబడి ఉంది. కదిరెప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెద్దమనిషి, అర్థమైంది. కానీ పెద్దమనుషులకు అర్థమైనదంతా నోటికి రాదు. “నువ్వు గీయగలవా అమ్మా?” అని మాత్రం అడిగాడు.

“గీస్తా. పోగు పోగు లెక్కపెట్టి గీయాల, నెల పడతాది. ఈ పండక్కి కాదు.”

ఆయన చీర మడిచి తీసుకుని వెళ్లిపోయాడు. సంజమ్మ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. “ఈసారి మైకులో ఏం చెప్తావు?” అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మస్తాన్ మంచివాడు. బెంగళూరు పాత సామాన్ల సందుల్లో వెతికి, నా కాళ్లు పట్టే వెడల్పాటి చోటున్న కార్డు ఒకటి తెచ్చి కొత్త కంప్యూటరులో బిగించాడు. పాత హార్డ్‌డిస్క్ తగిలించాడు, పాత విండోస్ ఎక్కించాడు, సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. నన్ను గుచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. తెర మీద వచ్చింది చూడండి: తాళం దొరకలేదు!

ఇక్కడే ఉన్నాను తండ్రీ, నీ వీపునే ఉన్నాను! పీకారు, గుచ్చారు. పీకారు, ఊదారు, గుచ్చారు. దొరకలేదు, దొరకలేదు. నాకు వయసైపోయిందన్నారు, చచ్చిపోయానన్నారు. బతికుండగానే కర్మకాండ మొదలుపెట్టినట్టు నా ముందే మాట్లాడుకున్నారు. సంజమ్మ మాత్రం ఇక చేత్తోనే గీద్దామన్నట్టు ఖాళీ గళ్ల కాగితాల పాత కట్ట బయటికి తీసి దుమ్ము దులపసాగింది. అది చూసి మస్తాన్ నన్ను మళ్లీ చేతిలోకి తీసుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి నా రంధ్రాల్లోకి, కాళ్ల సందుల్లోకి చూశాడు.

“ఏందన్నా ఇది? లోపలంతా ఎర్రగా ఉంది.”

“కుంకుమ. ఆయుధ పూజకు పెట్టింటి” అన్నాడు చౌడప్ప. “కంప్యూటరుకు పెడితిమి, పాత మగ్గానికి పెడితిమి, కత్తెరకు కూడా పెడితిమి. అన్నిటికీ ప్రాణం ఇదే అని దీనికి ఇంకొంచెం గట్టిగా అద్దినా.”

“మొగానికి పెట్టాల అన్నా, నోట్లో కాదు.”

ఏడాదికోసారి పసుపు కుంకుమ తడిపి నా కాళ్లకు పారాణిలా పూసి మళ్లీ గుచ్చేవాడు ఆ భక్తుడు. అది ఎండి పెచ్చు కట్టింది. కదపనంత కాలం బాగానే ఉన్నాను. పీకేసరికి పొడై సందులన్నీ నింపేసింది. ఈ సంగతి నాకు తెలుసు, చెప్పడానికి నోరేది? ఉన్న నోరు కుంకుమతో నిండిపోయిందాయె. మస్తాన్ స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో ఒక్కో కాలూ తోమాడు. ఆరబెట్టి గుచ్చాడు.

సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. సంజమ్మ వచ్చి కూర్చుని అంచు తెరిచింది. హంసలు బారుగా వచ్చాయి, ముక్కున జ్యోతులతో. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే “అట్టలు కొట్టేవాళ్లను పిలుచుకురాపో” అని మొగుణ్ణి పురమాయించింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

ఇప్పుడు నాతో ఎవరికీ పని లేదు. గుండీలూ పిన్నీసులూ వేసే రేకు డబ్బాలో ఉన్నాను. నా ఇరుగుపొరుగు ఒక తెగిన గొలుసు, రెండు హుక్కులు. వాళ్లతో మాటలు కుదరవు. అయినా పండుగనాటి సాయంత్రం సంగతి చెప్పకుండా ఆపితే నాకు మనసొప్పదు.

ఆ సాయంత్రం ఊరంతా గుడి దగ్గరే ఉంది. సంజమ్మ పోలేదు. నేను ఎంతకాలం పనిచేస్తానో చెప్పలేనని మస్తాన్ బాగుచేసిన రోజే చెప్పి పోయాడు, అందుకే నేను బతికుండగానే ఒక్కో డిజైనూ తెరిచి కొత్త సాఫ్ట్‌వేరుకు పనికొచ్చేలా బొమ్మగా దాచుకుంటోంది. చౌడప్ప బయల్దేరుతూ రమ్మంటే “అమ్మవారు యాడికీ పోదు. ఇది పోతాది. నువ్వు పో” అంది.

గుడి మైకు మా వీధి దాకా వినిపిస్తుంది. చీర రంగు చెప్పారు. నేసినవాడి పేరు చెప్పారు. ఆ తర్వాత కదిరెప్ప గొంతు వచ్చింది: “అంచు గీసినవారు, మన చౌడప్ప గారి ఇంటావిడ.”

ఇంటావిడ! ఇన్నేళ్లకు నిజం చెప్పడానికి నోరు తెరిచి, సగం నిజం చెప్పి మూసుకున్నాడు పెద్దమనిషి. సంజమ్మ మౌస్ కదులుతూనే ఉంది. అంతకంటే ఎక్కువేం వస్తుందిలే అనుకున్నట్టు ఉంది.

ఇంతలో మైకు కీచుమంది. ఎవరో లాక్కున్నట్టు గరగరలాడింది.

“పేరు చెప్పు పెద్దాయనా” అంది చౌడప్ప గొంతు. “ఆమెకు పేరుంది. సంజమ్మ. మొదట్నుంచీ అన్నీ ఆమే గీసింది. నాకు గీయడం రాదు.”

గుడి దగ్గర ఒక్క క్షణం డప్పులు కూడా ఆగాయి. ఇంట్లో మౌస్ ఆగింది. ఈ డిజైన్ దాచాలా వద్దా అని సాఫ్ట్‌వేరు తెర మీద అడుగుతోంది. సంజమ్మ తెర వైపు చూడటం లేదు, వీధి తలుపు వైపు చూస్తోంది. డప్పులు మళ్లీ మొదలయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని, దాచమని నొక్కింది.