జబ్బు బావది, పేరు అక్కది

మా బావకి జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి మా అక్క వెళ్లింది. బావ బాధలన్నీ తనవేనని చెప్పి, తన పేరు మీద మందులు రాయించుకొచ్చింది. ఆ మందులు బావ మింగాడు. ఇదేదో చదువూ సంధ్యా లేనివాళ్లు చేసిన పని అనుకునేరు. ఇద్దరూ రోజూ పేపరు చదువుతారు. బావైతే దారిన పోయేవాళ్లని ఆపి మరీ ఆరోగ్య సలహాలు ఇస్తాడు.

ముందు బావ సంగతి చెప్పాలి. ఇళ్లూ ఆఫీసులూ మారేవాళ్ల సామాను చేరవేసే కంపెనీలో మేమిద్దరం పనిచేస్తాం. గాజుసామాను చుట్టి అట్టపెట్టెల్లో సర్దే ఆడవాళ్లకి నేను పెద్దని. మోతగాళ్లకి బావ పెద్ద. మెట్ల మీద బీరువా ఎక్కించేటప్పుడు పైన ఒకడు, కింద ఒకడు పట్టుకుంటారు. పైవాడు దారి చూపిస్తాడు, బరువంతా మోసేది కిందివాడు. దాన్ని కింది పట్టు అంటారు. మా దగ్గర కింది పట్టు పట్టినవాడే మగాడు. “ఇవాళ్టికి నువ్వు పట్టరా” అని ఒక్కసారి వేరేవాడికి వదిలాడా, ఇక అది తిరిగి రాదు. తర్వాత పై పట్టు, ఆ తర్వాత కుర్చీలు, ఆ తర్వాత దిండ్లు, చివరికి మా ఆడవాళ్ల సరసన కూర్చుని గ్లాసులు చుట్టుకోవడం. అలా దిగజారినవాళ్లెవరినీ బావ పేరు పెట్టి పిలవడు. అందరూ ఆయనకి “దిండు గాళ్లే.”

బావకి నలభై ఎనిమిదేళ్లు. చాలా ఏళ్లుగా నలభై ఎనిమిదే. జుట్టుకి రంగు, మీసానికి రంగు, ఛాతీ మీద తెల్లబడినవి కనిపించకుండా మెడ దాకా గుండీలు. పెళ్లినాటికి మా అక్క కంటే అయిదేళ్లు పెద్ద. ఇప్పుడు నాలుగేళ్లు చిన్న. పిచ్చిది మా అక్క, ఏడాదికో ఏడు చొప్పున నిజాయితీగా పెరుగుతూ పోయి మొగుణ్ణి దాటేసింది.

అటువంటి మనిషి, పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తప్ప వేసుకోనివాడు, ఉన్నట్టుండి లేసుల బూట్లు కొన్నాడు. మెట్ల మలుపు రాగానే బీరువా దింపించేవాడు, లేసు ఊడిందనేవాడు, వంగి కూర్చుని కట్టేవాడు. చిన్నపిల్లకి జడ వేస్తున్నంత శ్రద్ధగా కట్టేవాడు. లేచేసరికి మొహం పాలిపోయి, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. “ఏంటి బావా అది?” అంటే “గ్యాస్” అనేవాడు. మగవాళ్లకి లోకంలో ఉన్న జబ్బు అదొక్కటే కదా. పళ్లు నొప్పెట్టినా గ్యాసే, ప్రాణం పోతున్నా గ్యాసే.

ఇంట్లో అక్క పోరు పెట్టింది, డాక్టరుకి చూపించుకోమని. బావ ససేమిరా అన్నాడు. ఆయన భయం ఆయనది. డాక్టరు దగ్గర చీటీలు రాసే మనిషి మా యజమానికి స్వయానా బామ్మర్ది. గుండెల్లో నొప్పని అక్కడ అన్నాడంటే, ఇంటికొచ్చేలోపు కింది పట్టు ఇంకొకడికి పోతుంది.

“నువ్వెళ్లు. నీకే నొప్పని చెప్పు” అన్నాడట అక్కతో.

“నాకని చెప్తే మీకెలా తగ్గుతుందండీ?”

“నొప్పికి ఆడా మగా ఏంటే? మందు మందే. నీకు జబ్బంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆడదానివి, నీకు మామూలే.”

అక్క వెళ్లింది. మెట్లెక్కితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుందనీ, దవడ లాగుతుందనీ, ఒళ్లంతా చెమట పడుతుందనీ చెప్పింది. డాక్టరు కాగితం మీంచి తల ఎత్తలేదు. వయసెంతని అడిగాడు. యాభై రెండు అంది. నెలసరి ఆగిపోయిందా అన్నాడు. ఆగిందంది. పిల్లల పెళ్లిళ్లయి ఇల్లు ఖాళీగా ఉందా అన్నాడు. ఉందంది. అంతే, పరీక్ష అయిపోయింది. గుండెకి గొట్టం కూడా ఆనించలేదు మహానుభావుడు.

“ఈ వయసు ఆడవాళ్లకి ఇది సహజమేనమ్మా. అనవసరంగా ఆలోచిస్తుంటారు. మంచి పాటలు వినండి. ఈ మాత్రలు వాడండి.”

బావ సంబరం చూడాలి. “చూశావా? ఏమీ లేదన్నాడు. అంత చదువుకున్నవాడే చెప్పాక ఇంకేంటి!” అని ఆ రోజే మొదలుపెట్టాడు మాత్రలు. పాటలు కూడా విన్నాడట. చెప్పిన పథ్యం తప్పకూడదని.

ఇదేదీ నాకు తెలియదు. ఒకరోజు టీ తాగుతుంటే బావ అటు తిరిగి, చొక్కా జేబులోంచి గులాబీ రంగు పెట్టె తీశాడు. పెట్టె మీద నడివయసు ఆడమనిషి నవ్వుతున్న బొమ్మ. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మా ఇంట్లో అద్దం పక్కన రెండేళ్లు ఉంది అది.

“బావా,” అన్నాను, “నీకు కూడా ఆగిపోయిందా?”

టీ పొలమారింది ఆయనకి. పెట్టె దాచాడు, కసిరాడు, బతిమాలాడు, చివరికి తోక ముడిచి లారీ వెనక్కి పోయాడు. నేను సాయంత్రం తిన్నగా అక్క దగ్గరికెళ్లి కూర్చున్నాను. మొత్తం కక్కించాను.

వింటుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత భయం వేసింది. నిజంగా వేసింది. ఎందుకంటే మర్నాడు పొద్దున ఒక వడ్డీ వ్యాపారి ఆఫీసు మారుస్తున్నాం. ఇనప్పెట్టె మూడో అంతస్తు ఎక్కించాలి. ఆ భవనం లిఫ్టులో అది పట్టదు. కింది పట్టు బావది.

“రేపు వద్దు బావా, కాళ్లు పట్టుకుంటాను” అన్నాను, బావ ఇంటికి రాగానే. “ముందు నువ్వు స్వయంగా చూపించుకో.”

“యజమానితో అన్నావంటే జన్మలో నీ మొహం చూడను” అన్నాడు. “మోతగాళ్లలో ఆ చింపిరి తల గాడు నా పట్టు కోసం కాచుక్కూర్చున్నాడు. రేపు నేను రాలేదంటే ఎల్లుండి నేను దిండు గాణ్ణి. దానికంటే మెట్ల మీద పోవడమే నయం.”

ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూశాను. నిజంగానే అంటున్నాడు. చావంటే భయంలేని మనిషిని చావు పేరు చెప్పి ఎలా ఆపుతాం? ఏమంటే భయమో దాంతోనే ఆపాలి. మగాళ్లకి ఏమంటే భయమో ఇన్నేళ్లు మోతగాళ్లతో వేగినదాన్ని, నాకు తెలియదా?

పొద్దున భవనం ముందు మోతగాళ్లందరూ పోగయ్యారు. ఇనప్పెట్టె మెట్ల దగ్గరికి చేరింది. బావ నడుముకి పట్టీ బిగించి, అరచేతులు రుద్దుకుని, కిందికి వంగబోయాడు. నేను అందర్నీ తోసుకుంటూ వెళ్లి, మంచినీళ్ల సీసా ఒక చేత్తో, మా ఇంట్లోంచి తెచ్చిన గులాబీ పెట్టె ఇంకో చేత్తో చాపాను.

“ఇది వేసుకుని ఎక్కు బావా. ఒళ్లు వేడెక్కి చెమటలు పడుతున్నాయన్నావుగా. నెలసరి ఆగేటప్పుడు నాకూ ఇవే ఇచ్చారు. బాగా పనిచేస్తాయి.”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. చింపిరి తల గాడు పెట్టె లాక్కుని బొమ్మ చూశాడు. ఇక నవ్వులే నవ్వులు. ఒకడైతే మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వెళ్లి గ్లాసులు చుట్టుకో” అన్నాడు చింపిరి తల గాడు. “ఒంట్లో బాగోనప్పుడు బరువులు ఎత్తకూడదు కదా.”

బావ మొహం ఎర్రబడి, నల్లబడి, మళ్లీ ఎర్రబడింది. ఈ కోపానికే ఇక్కడే పడిపోతాడేమోనని దగ్గరికి జరిగాను. చేసిన పనికి నన్ను నేనే తిట్టుకున్నాను. బావ నడుము పట్టీ విప్పి నేలకేసి కొట్టాడు.

“ఇది ఆడజబ్బా? నాకు ఆడజబ్బా? ఇప్పుడే పోయి మగజబ్బని రాయించుకొస్తాను! ఎవడూ కదలకండి!”

కదలమన్నా కదిలేవాళ్లు కాదు, అంత నవ్వుతున్నారు. ఆయన్ని ఆటోలో కుదేసి, దారిలో అక్కనీ ఎక్కించుకుని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బావ లోపలికెళ్లి బల్ల మీద గుద్ది, “మెట్లెక్కితే గుండెల్లో పట్టేస్తోంది, చెమటలు పడుతున్నాయి. ఏం జబ్బో రాసివ్వండి” అన్నాడు. డాక్టరు కలం పడేసి లేచాడు. గొట్టం పెట్టాడు, తీగలు పెట్టాడు, పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. నడవొద్దన్నాడు, మాట్లాడొద్దన్నాడు. “ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?” అని అరిచాడు. గోడ పక్కన నిలబడ్డ మా అక్క తల దించుకుంది. ఆవిణ్ణి ఆయన గుర్తుపట్టలేదు.

రెండు రక్తనాళాలు పూడిపోయాయట. ఇనప్పెట్టె ఎత్తి ఉంటే మొదటి మలుపు కూడా దాటేవాడు కాదన్నారు. తెరిచి బాగుచేశారు. బావ బతికాడు. అక్కడ గుమస్తా వయసడిగితే, స్ట్రెచర్ మీద పడుకుని కూడా “నలభై ఎనిమిది” అన్నాడు. “పక్కనున్నది మీ అక్కగారా?” అన్నాడు వాడు.

ఇక చూడండి వైభవం. మోతగాళ్లు పళ్లు పట్టుకుని వరస కట్టారు. యజమాని స్వయంగా వచ్చాడు. “ఆడజబ్బన్నారుగా వెధవల్లారా! గుండె, గుండె! రెండు నాళాలు!” అని బావ రెండు వేళ్లు ఎత్తి చూపించేవాడు, పతకాలు గెల్చుకున్నవాడిలా. చింపిరి తల గాడు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఎంత మోశాడు! గుండె తట్టుకోలేకపోయింది, అదీ మగాడంటే” అన్నారు అందరూ. మాత్రల పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. నన్నైతే గదిలోకి రానివ్వొద్దన్నాడు బావ. రానివ్వకపోతే పోయె, ఊపిరి పీలుస్తున్నాడు, అది చాలు నాకు.

బావ ఇంటికొచ్చాక, ఆ డాక్టరు రాసిన కాగితాలు తీసుకోవడానికి నేనూ అక్కా వెళ్లాం. ఆయన గది మేడ మీద. సగం మెట్లెక్కి అక్క ఆగిపోయింది. కమ్మీ పట్టుకుంది. రెండో చెయ్యి దవడ మీద ఉంది.

“ఏంటే?”

“ఏం లేదు. పద.”

“అక్కా, దవడ లాగుతుందని ఆ రోజు డాక్టరుకి చెప్పావే, ఆ మాట నీతో బావ అన్నాడా?”

“ఆయనేం చెప్తాడే? గ్యాసన్నాడు, అంతే” అంది చెంగుతో మెడ తుడుచుకుంటూ. “డాక్టరు ఎలా ఉంటుందని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. నాకు ఎలా ఉంటుందో అదే చెప్పాను.”

ఎన్నాళ్ల నుంచి అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిణ్ణి అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టాను. అక్క నవ్వింది, “నాదేముందిలేవే, ఆడవాళ్లకి సహజమేనన్నాడుగా” అంది. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

పైకి పరిగెత్తి, తలుపు తోసుకుని వెళ్లాను. డాక్టరు ఏదో రాసుకుంటున్నాడు.

“డాక్టరుగారూ, మా బావ తమ్ముడండీ. యాభై రెండేళ్లు. మెట్లెక్కుతుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, దవడ లాగడం, చెమటలు.”

కలం పడిపోయింది. మనిషి లేచాడు. “ఎక్కడున్నాడు? నడిపించకండి! అన్నకి అలా అయ్యాక కూడా ఇంత నిర్లక్ష్యమా? కుర్చీ తీసుకురండి!” అని కేకలేసి, నాకంటే ముందు తనే మెట్ల వైపు పరిగెత్తాడు. వెనకాల కుర్చీ మోసుకుంటూ ఇద్దరు కుర్రాళ్లు. మెట్ల మీద మా అక్క తప్ప ఎవరూ లేరు. డాక్టరు అటూ ఇటూ చూశాడు.

“ఏడీ? మనిషేడీ?”

అక్క భుజం మీద చెయ్యి వేశాను.

“ఈయనే డాక్టరుగారూ,” అన్నాను. “తొందరగా చూడండి.”